కొత్త కార్డులొస్తున్నాయి – మన్యం కూలీల పేర్లు వాటిలో ఉంటాయా?

మిర్చి కోతల రోజుల్లో తెల్లవారుజామున భద్రాచలం బస్టాండుకు వెళ్లి చూడండి. తలకు గుడ్డలు చుట్టుకొని, సద్దిమూటలు చంకన పెట్టుకొని ఆడకూలీలు గుంపులు గుంపులుగా నిలబడి ఉంటారు. వారిలో కోయలున్నారు, దళితులున్నారు, ఛత్తీస్‌గఢ్ నుంచి దిగివచ్చినవారున్నారు. మొన్నటి కోతల్లో మేము అక్కడ ఉండగానే ఇద్దరు అక్కాచెల్లెళ్లు ఒకే బస్సు ఎక్కారు. పెద్దామెను దుమ్ముగూడెం మండలంలో ఒక గూడేనికి ఇచ్చారు. చిన్నామెను ఎటపాక పక్క ఊరికి ఇచ్చారు. కండక్టరు కార్డులు అడిగాడు. అక్క చూపించింది, జీరో టికెట్టు చేతిలో పెట్టాడు. చెల్లెలు చూపించింది.

"నీది ఆంధ్రా కార్డమ్మా. డబ్బులియ్యాలె."

"ఒక్క కడుపున పుట్టినోళ్లం గదన్నా! ఒక్క చేలోకే పోతున్నం."

"నేనేం చేసేదమ్మా? రేపు చెకింగ్ వాళ్లొస్తే నా ఉద్యోగం పోద్ది."

కండక్టరును తప్పుపట్టడానికి లేదు. ఆయనా మనలాంటి కష్టజీవే. ఇద్దరూ ఒకే చేలో వంగి, ఒకే ఎండలో ఏరి, సాయంత్రానికి ఒకే కూలి తీసుకున్నారు. ఇంటికి చేరేసరికి మాత్రం చెల్లెలి కొంగున తక్కువ డబ్బు మిగిలింది. కారణం ఆమె బద్ధకం కాదు, ఆమె చేతిలోని కార్డు.

తిరుగు దారిలోనూ ఇదే కథ. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి ఉచిత ప్రయాణం అమలులోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో అదే సౌకర్యం వచ్చింది. రెండూ మంచివే. మహాలక్ష్మి కింద 2025 జులై నాటికే 200 కోట్ల ప్రయాణాలు జరిగాయి. కూలికి పోయే ఆడమనిషికి బస్సు చార్జీ మిగలడమంటే ఏమిటో ఆ అంకె చెబుతుంది. ఈ పథకాలను మేము సమర్థిస్తున్నాం. కానీ తెలంగాణ కార్డు ఆంధ్రా బస్సులో చెల్లదు, ఆంధ్రా కార్డు తెలంగాణ బస్సులో చెల్లదు. హైదరాబాదులో, విజయవాడలో కూర్చున్నవారికి సరిహద్దు అంటే ఎక్కడో దూరాన ఉన్న గీత. భద్రాచలం వాసికి అది ఊరి చివరనే ఉంది.

ఊరు కదల్లేదు, జిల్లా కదిలింది

ఈ సంగతి బయటి పాఠకులకు కొంచెం వివరంగా చెప్పాలి. భద్రాచలం డివిజను 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఆ సంవత్సరం ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ప్రాజెక్టు కోసం ఖమ్మం జిల్లాలోని చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుకునూరు, వేలేరుపాడు మండలాలను, భద్రాచలం పట్టణం మినహా ఆ మండలాన్ని, బూర్గంపాడు మండలంలో కొంత భాగాన్ని ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. రాముడి గుడి ఈవల ఉండిపోయింది. గుడి చుట్టూ ఉన్న పల్లెలు ఆవలికి పోయాయి. ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచుకలపాడు పంచాయతీలను తిరిగి తెలంగాణలో కలపాలని నేటికీ అక్కడి ప్రజలు అడుగుతున్నారు.

ఆవలికి పోయిన కూనవరం, చింతూరు పల్లెలు మళ్లీ తూర్పు గోదావరి జిల్లా అయ్యాయి. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా అయ్యాయి. 2025 చివరలో పోలవరం జిల్లా అయ్యాయి. ఈవల మిగిలిన పల్లెలు 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయ్యాయి. అరవై ఏళ్లు దాటిన కోయ ముసలవ్వ తన గుడిసె నుంచి ఒక్క అడుగు కదలకుండానే ఇన్ని జిల్లాలు చూసింది. మారిన ప్రతిసారీ ఆమె కార్డు మీద చిరునామా తప్పయింది. తప్పు ఎవరిది? గీత గీసినవారిది. దిద్దుకోవాల్సిన భారం ఎవరి మీద పడింది? ముసలవ్వ మీద.

దిద్దుకోవడం అంటే మాటలు కాదు. గూడెం నుంచి మండల కేంద్రానికి నడక, ఆటో. అక్కడ నెట్ లేదంటారు, రేపు రమ్మంటారు. సెల్‌ఫోనుకు నంబరు వస్తుంది, చెప్పమంటారు. ఫోనేమో కొడుకు దగ్గర, కొడుకేమో కోతలకు పోయి ఉంటాడు. 2025–26లో తెలంగాణలో ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. మూడుసార్లు తిరిగితే మూడు రోజుల కూలి పోయినట్టే. అప్లికేషను రాసిపెట్టినవాడికి ఇచ్చేది, జిరాక్సుకు ఇచ్చేది అదనం.

ఇప్పుడు మళ్లీ కొత్త కార్డులు

ప్రభుత్వం ఇటీవల కొత్త కార్డుల మీద పడింది. 2024 అక్టోబరులో తెలంగాణలోని 119 నియోజకవర్గాల్లోనూ 238 ప్రాంతాలు ఎంచుకొని ఫ్యామిలీ డిజిటల్ కార్డు కోసం నమూనా సర్వే చేశారు. రేషను, వైద్యం, ఇతర సంక్షేమ పథకాలన్నీ ఒకే కార్డు కిందికి తేవాలన్నది ఆలోచన. మహాలక్ష్మి ప్రయాణానికి విడిగా స్మార్ట్ కార్డులు ఇస్తామని చెప్పారు. వికలాంగులకు సదరం సర్టిఫికెట్టు స్థానంలో యూడీఐడీ కార్డు వస్తోంది. చేయూత పింఛనుకు 2025లో ముఖం ఫొటో తీసి గుర్తుపట్టే పద్ధతి తెచ్చారు. ఏళ్ల తరబడి మూలనపడిన కొత్త రేషను కార్డులు 2025లో కదిలాయి. అదే ఏడాది నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు.

వీటిలో మంచిని మంచి అనే అంటాం. మిరపకాయ ఏరి ఏరి, తునికాకు కట్టలు కట్టి కట్టి వేలిముద్రలు అరిగిపోయిన చేతులు మనవి. మిషను వేలు పట్టక వెనక్కి పంపితే ముఖం చూసి ఇవ్వడం ఒక మేలే. కొత్తగా పెళ్లయి వేరుపడిన జంటలు ఎన్నో ఏళ్లు ఎదురుచూసి కార్డు తెచ్చుకున్నారు, వారి సంతోషం మేము కళ్లారా చూశాం. కార్డు వద్దని మేము ఎన్నడూ అనలేదు. కార్డు కోసం ధర్నాలు చేసినవాళ్లం మేమే.

అయితే మేము అడిగేది ఒక్కటే. కొత్త కార్డు ఇచ్చేటప్పుడు పాత కార్డులో ఉన్న పేరు ఎక్కడికి పోతుంది?

పేర్లు తీసేసిన చరిత్ర

ఇది ఊరికే వచ్చిన అనుమానం కాదు. తెలంగాణ ఏర్పడిన తర్వాతి సంవత్సరాల్లో దాదాపు 19 లక్షల రేషను కార్డులు రద్దు చేశారు. ఇంటికి వచ్చి విచారించినవారు లేరు, నోటీసు ఇచ్చినవారు లేరు. కంప్యూటరులో ఒక లెక్కను ఇంకో లెక్కతో సరిపోల్చి అనర్హులు అని తేల్చారు. పేరు కలిసిన ఇంకెవరికో కారు ఉంటే, కూలివాడికి కారు ఉన్నట్టు లెక్క పడిన ఉదంతాలు బయటికి వచ్చాయి. విషయం సుప్రీంకోర్టు దాకా పోయింది. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో విచారించాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించవలసి వచ్చింది. అప్పటికి ఎన్ని పూటలు ఎన్ని పొయ్యిలు వెలగలేదో ఏ కంప్యూటరులోనూ లెక్క లేదు.

ఉపాధి జాబ్ కార్డులదీ అదే దారి. 2022–23 ఒక్క సంవత్సరంలోనే దేశం మొత్తం మీద 5 కోట్లకు పైగా కూలీల పేర్లు జాబితాల నుంచి తీసేశామని కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. 2024 జనవరి 1 నుంచి ఆధార్ ద్వారానే కూలి చెల్లింపు తప్పనిసరి చేశారు. మన గూడేల్లో ఇంటిపేరు జాబ్ కార్డులో మడకం, ఆధార్‌లో మడ్కం. ఒకదానిలో సోడె, ఇంకోదానిలో సోడి. రాసుకున్నవాడికి కోయభాష రాదు, చెప్పినవారికి చదువు రాదు. పుట్టిన తేదీ తెలియదంటే చాలామందికి జనవరి 1 అని వేసేశారు. ఆ ఒక్క అక్షరం తేడాకు చేసిన పనికి కూలి పడక నెలలు గడిచినవాళ్లు మా సంఘంలోనే ఉన్నారు. 2025 డిసెంబరులో పార్లమెంటు 2005 నాటి ఉపాధి హామీ చట్టం స్థానంలో వేరే చట్టం చేసింది. చట్టం మారితే మళ్లీ నమోదు, మళ్లీ కార్డు, మళ్లీ సరిపోల్చడం. పాత లెక్కలో తప్పిపోయినవారు కొత్త లెక్కలో ఎక్కుతారని భరోసా ఏది?

జార్ఖండ్‌లోని సిండెగా జిల్లాలో 2017 సెప్టెంబరులో 11 ఏళ్ల బాలిక చనిపోయింది. ఆ కుటుంబం రేషను కార్డు ఆధార్‌తో కలవలేదని అంతకుముందే రద్దయింది. ఆకలితో పోయిందని తల్లి అంది, జబ్బుతో పోయిందని ప్రభుత్వం అంది. దేశం మొత్తం మీద గోల లేచాక, ఆధార్ లేదనో, వేలిముద్ర పడలేదనో రేషను ఆపరాదని 2017 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు పంపింది. ఆ ఉత్తర్వు ఉందన్న సంగతి మన రేషను షాపుల దగ్గర ఎంతమందికి తెలుసు?

కార్డే లేనివారి మాట

సరిహద్దు అడవిలో ఇంకొక జనం ఉన్నారు, గొత్తికోయలు. 2005లో సల్వాజుడుం మొదలైన తర్వాత ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకొని వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్నారు. అక్కడ వారు షెడ్యూల్డు తెగ. ఇక్కడ ఆ గుర్తింపు ఇవ్వరు. 2023 జూన్‌లో రాష్ట్రంలో లక్షన్నర మంది గిరిజనులకు 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచినప్పుడు వీరిని అర్హులుగా చూడలేదు. కొన్ని గుంపులకు ఓటు కార్డు ఉంది, రేషను కార్డు లేదు. కొన్నింటికి అదీ లేదు. ఇక్కడే పుట్టి ఇక్కడే బడికి పోతున్న పిల్లలకు కుల ధ్రువపత్రం పుట్టదు. పనికి మాత్రం అందరికీ కావాలి. కూలి తక్కువిచ్చినా నోరెత్తరని వీరినే ముందు పిలుస్తారు. కార్డు లేని మనిషిని చౌకగా వాడుకోవచ్చని రైతుకూ తెలుసు, మేస్త్రీకీ తెలుసు. ఇది వీరొక్కరి సమస్య కాదు. వీరి కూలి తగ్గితే మన కూలీ తగ్గుతుంది.

ఏటేటా కోతలకు వచ్చిపోయే ఛత్తీస్‌గఢ్ కూలీలు వేరే. సుక్మా, బీజాపూర్ జిల్లాల నుంచి జనవరిలో వచ్చి ఏప్రిల్ దాకా ఉంటారు. చేలల్లోనే పట్టాలు కప్పుకొని పడుకుంటారు. ఒకే దేశం – ఒకే రేషను కార్డు పద్ధతి 2022 నాటికి అన్ని రాష్ట్రాలకూ వచ్చింది. అంటే వారి బియ్యం వారు ఇక్కడి షాపులోనే తీసుకోవచ్చు. కానీ కార్డు ఊళ్లో ముసలివాళ్ల దగ్గర ఉంటుంది, నంబరు వీరికి తెలియదు, షాపు డీలరుకు వీరి భాష తెలియదు. అటూ ఇటూ కాకుండా దుకాణంలో బియ్యం కొనుక్కొని తింటారు.

2020 లాక్‌డౌను నాటి సంగతి మనం మరువరాదు. గోదావరి ఒడ్డున మిర్చి ఏరడానికి వచ్చిన 12 ఏళ్ల బీజాపూర్ బాలిక మూడు రోజులు అడవిదారిన నడిచి, ఇల్లు దగ్గర పడుతుండగా ఏప్రిల్ 18న దారిలోనే కన్నుమూసింది. ఆ రోజుల్లో వలస కూలీలకు మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. మంచిదే. కానీ ఏ చేలో ఎంతమంది ఉన్నారో ముందుగా ఏ కాగితం మీదా లేదు. కాంట్రాక్టరు తెచ్చిన వలస కార్మికుడికి ఫొటోతో పాస్‌బుక్కు ఇవ్వాలని 1979 చట్టంలోనే రాసి ఉండేది. ఇన్నేళ్ల సంఘం పనిలో ఒక్క మిర్చి చేలోనూ ఆ పాస్‌బుక్కు మా కంటపడలేదు. 2025 నవంబరులో ఆ చట్టాన్ని కార్మిక కోడ్‌లో కలిపేశారు. యజమాని ఇవ్వాల్సిన కార్డు నలభై ఏళ్లు రాలేదు, ఎవరూ అడగలేదు. కూలివాడు చూపించాల్సిన కార్డు ఒక్కరోజు లేకపోతే మాత్రం బస్సులో టికెట్టు కొట్టారు, షాపులో బియ్యం ఆపారు.

మా పొరపాటు కూడా ఉంది

ఇతరుల తప్పులు చెప్పేముందు మావీ చెప్పుకోవాలి. కొత్త రేషను కార్డులకు దరఖాస్తులు తీసుకున్నప్పుడు మేము పంచాయతీ కేంద్రంలో బల్ల వేసుకొని కూర్చున్నాం. వచ్చినవారివి రాసిపెట్టాం. ఎక్కువ రాశామని సంతోషపడ్డాం కూడా. తీరా జాబితా వచ్చాక చూస్తే, వాగు అవతలి గుంపు నుంచి ఒక్క పేరూ లేదు. వెళ్లి అడిగాం. ఒక పెద్దమ్మ తునికాకు ఆరబెడుతూ చెప్పింది.

"మీరొస్తరని చూస్తిమయ్యా. మీరు ఊళ్లోనే కూసుంటిరి. ఆ రోజుల్లో మాకు వాగు దాటే తీరు లేదు."

ఆ మాట మా గుండెకు తగిలింది. ప్రభుత్వం చేసే పనే మేమూ చేశాం. బల్ల దగ్గరికి రాగలిగినవారి పేర్లే రాశాం. రాలేనివారే అసలు పేదవారన్న సంగతి మరిచాం. ఈసారి కార్యకర్తలు బల్ల వేయవద్దు. పుస్తకం పట్టుకొని గూడెం గూడెం నడవాలి.

మనం అడగాల్సినవి

భద్రాచలం మన్యం షెడ్యూల్డు ప్రాంతం. ఇక్కడ 1996 నాటి పెసా చట్టం వర్తిస్తుంది. పేదల పథకాలకు లబ్ధిదారులను గుర్తించే బాధ్యత గ్రామసభదేనని ఆ చట్టం స్పష్టంగా చెబుతోంది. అంటే ఎవరు పేదవారో తేల్చాల్సింది హైదరాబాదులోని కంప్యూటరు కాదు, చింతచెట్టు కింద కూర్చున్న గూడెం. ఈ ఒక్క చట్టం చేతబట్టుకొని మనం గట్టిగా అడగవచ్చు.

ఒకటి – కొత్త కార్డు చేతికి అందేదాకా పాత కార్డు చెల్లాలి. మధ్యలో ఒక్క నెల కూడా బియ్యం, పింఛను, బస్సు ప్రయాణం ఆగరాదు.

రెండు – ఏ పేరు తీసేయాలన్నా ముందు కాగితం మీద నోటీసు ఇవ్వాలి. ఇంటికి వచ్చి విచారించాలి. ఆ పేరు గ్రామసభలో చదవాలి, కోయభాషలో చెప్పాలి.

మూడు – జిల్లా మారినందువల్ల, రాసినవాడి తప్పువల్ల వచ్చిన చిరునామా, పేరు తేడాలను ప్రభుత్వమే ఖర్చు లేకుండా గూడేనికి వచ్చి సరిచేయాలి. కోతలు, తునికాకు సీజను లేని రోజుల్లో శిబిరాలు పెట్టాలి.

నాలుగు – భద్రాచలం చుట్టుపక్కల సరిహద్దు మండలాల ఆడవారికి రెండు రాష్ట్రాల ఆర్టీసీలూ ఒక ఒప్పందానికి వచ్చి, ఏ రాష్ట్రం కార్డయినా ఈ దారుల్లో చెల్లేటట్టు చూడాలి. నది నీళ్ల మీద, ఉద్యోగుల మీద ఒప్పందాలు చేసుకునేవారికి పది దారుల బస్సుల మీద ఒప్పందం పెద్ద పని కాదు.

ఐదు – గొత్తికోయ గుంపులను లెక్క రాయాలి. భూమి తగవు, అడవి తగవు తేలేదాకా తిండి ఆపకూడదు. పిల్లలకు రేషను, వైద్యం, బడి వెంటనే అందాలి.

ఆరు – కోతల కాలంలో వలస కూలీల పేర్లు పంచాయతీలో నమోదు చేసి, వారి రేషను ఇక్కడి షాపులో అందేటట్టు చూడాలి. ఆ బాధ్యత కూలీలను తెచ్చిన మేస్త్రీ మీద, రైతు మీద ఉంచాలి.

కార్యకర్తలు చేయాల్సిన పని

కోరికలు రాసి ఇచ్చినంత మాత్రాన పని కాదు. ప్రతి గూడెంలో ఇద్దరు ముగ్గురు చదువుకున్న పిల్లలను తీసుకొని ఇంటింటి లెక్క రాయాలి. ఇంట్లో ఎందరు, ఏ కార్డు ఉంది, ఏది లేదు, ఏ పేరులో తేడా ఉంది. ఈ నాలుగు సంగతులు చాలు. దరఖాస్తు ఇచ్చిన ప్రతి చోటా రశీదు అడగాలి. రశీదు లేని దరఖాస్తు వాగులో వేసినట్టే. రశీదులను, పాత కార్డులను పారేయకుండా ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి గుడిసె వాసానికి కట్టుకోమని చెప్పాలి. కార్డు రాలేదంటే ఎవరి దగ్గర ఆగిందో తెలుసుకొని, ఒక్కరే పోకుండా పదిమందిగా పోవాలి. ఒంటిగా పోయినవాడికి రేపు రమ్మంటారు. పదిమంది పోతే కుర్చీ వేస్తారు. ఇది మాకు అనుభవంలో తెలిసిన సంగతి.

చివరికి ఒక మాట. ఆ రోజు బస్సులో డబ్బులిచ్చి టికెట్టు తీసుకున్న చెల్లెలు సాయంత్రం కల్లం దగ్గర మాతో మాట్లాడింది. "అన్నా, మా అక్కకు ఉత్తగొచ్చిందని నాకు బాధ లేదు. నాకెందుకు రాదో చెప్పేటోళ్లు లేరు, అదే బాధ" అంది. ఆమె అక్క మీద అసూయపడలేదు. పేదవారిని పేదవారి మీదికి ఎగదోయడం కార్డులతో సులభంగా జరిగే పని. ఆంధ్రా కూలీ, తెలంగాణ కూలీ, ఛత్తీస్‌గఢ్ కూలీ అని మన మధ్య గీతలు గీస్తే లాభం ఎవరికో మనకు తెలుసు. కార్డు ఏ రంగుదైనా కావచ్చు, ఏ రాష్ట్రానిదైనా కావచ్చు. మిర్చి చేలో వంగిన నడుము ఒక్కటే. ఆ నడుములన్నీ ఒక్కసారి నిటారుగా లేచి నిలబడి అడిగిన రోజునే కొత్త కార్డుల్లో మన పేర్లు ఉంటాయి.